పేగు కుట్టు, పప్పు బువ్వ

మా ఇంట్ల ఎవలకన్న పుండయితె ముందుగాల పప్పు బందయితది. దాని ఎనుక గుడ్డు, వంకాయ, చేపలు. పుండు మానేదాక పాత బియ్యం బువ్వ, ఎల్లిపాయ కారం, కాచి చల్లార్చిన నీళ్లు. పప్పు తింటె చీము పడుతదని మా అత్త అంటది. మా అమ్మ గూడ అదే అన్నది, అమ్మకు వాళ్ల అమ్మ చెప్పింది. కొడవలి తెగినా, ముల్లు దిగినా, కాన్పయినా ఒక్కటే పథ్యం. ఎందుకని అడిగినోళ్లను నేను చూడలే. నేను గూడ అడుగలే.

మా అత్తకైతె అది ఒట్టి మాట గాదు. మా మామ కాలికి పుండయినప్పుడు చుట్టాల పెండ్లిల పప్పు బువ్వ తిన్నడట. వడ్డించింది ఆమెనే. ఆ పుండు మానలే, కాలు నల్లగయింది, మనిషి పోయిండు. నేను ఈ ఇంటికి కోడలిగ రాకముందు సంగతి అది. ఇప్పటికీ మా అత్త పప్పు గిన్నె మూత తీసేటప్పుడు ఒక్క ఘడియ ఆగుతది. ఏం యాది చేసుకుంటదో నాకు తెలుసు. అందుకే ఆ ఘడియల నేను ఆమె మొఖం చూడ.

ఇదంత ఎందుకు చెప్తున్ననంటె, మా ఆయన కడుపు కోసిన ఆ వానకాలంల నేను పడ్డ భయానికి మొదలు ఇదే.

నాట్లు అయిపోయినయి. ఆయన పొలం కాడికి పోయి వచ్చి, కడుపు నొస్తుందని ఒరిగిండు. వాము నమిలిండు, సోడా తాగిండు. తెల్లారేసరికి కడుపు డోలు తీరు ఉబ్బింది. పచ్చగ కక్కిండు. మా సిరోంచ మహారాష్ట్రల ఉంటది, ఆడి సర్కారు దవాఖానల డాక్టరమ్మ కడుపు మీద వేళ్లతోని కొట్టి విని, మరాఠీల నాలుగు మాటలన్నది. ఆయన మరాఠీ బడిల చదువుకున్నోడు, నాకంటె బాగ తెలుస్తది. నాకు తెలిసింది ఆయన మొఖమే.

"ఏమన్నదయ్యా?"

"ఈడ గాదట. గడ్చిరోలికన్న పోవాలె, నది అవతలికన్న పోవాలె."

గడ్చిరోలి అంటె అల్లపల్లి టేకు అడివి దాటి, గుంతల రోడ్డు మీద పోవాలె. ఏ వాగు పొంగిందో తెల్వది. నది అవతల తెలంగాణ, రోడ్డు మంచిగుంటది. బండి మాట్లాడి వంతెన ఎక్కినం. కింద గోదావరి ఎర్రగ, నిండుగ పోతుంది. కాళేశ్వరం దిక్కు తిరిగి దండం పెడుదమంటె నా చెయ్యి ఆయన పట్టుకొని ఉన్నడు, ఇడుస్తలేడు. మనసులనే మొక్కిన.

"ఏం మొక్కినవే?" అన్నడు, అంత నొప్పిల.

"నీకెందుకు."

"నాకు గుండు మాత్రం మొక్కకు. ఉన్నయే నాలుగు ఎంటికలు."

ముందటి సీట్ల కూసున్న మా అత్త నవ్వింది. నవ్వి, కొంగు నోట్ల కుక్కుకున్నది.

అవతల పట్నంల ఆ పెద్ద దవాఖానల బోర్డులన్ని తెలుగులనే ఉన్నయి. ఆయనకు తెలుగు చదువ రాదు. నేను బడి మొఖం చూడనిదాన్ని. చిన్నప్పుడు మా నాయిన పొద్దున దీపం పెట్టినంక, చాటల బియ్యం పరిచి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దిచ్చిండు. దేవుని పాటలు చదువుకుంటదని నేర్పిన అక్షరాలు. ఆ దినం అవే "శస్త్రచికిత్స విభాగం" అన్న తలుపును చూపిచ్చినయి. నాయినకు మనసుల దండం పెట్టుకున్న. ఆ అక్షరం లేకపోతె స్ట్రెచరు పట్టుకొని ఏ తలుపు కాడ నిలవడుదునో.

సర్జన్ సారు నడీడు మనిషి, సన్నగుంటడు, మాట మెల్లగ. "పేగు మెలివడ్డది. ఇప్పుడే తెరవాలె" అన్నడు. తెరిచిండు. శానసేపటికి బయటికొచ్చి, తన చొక్క చెయ్యిని పట్టి చూపెట్టుకుంట చెప్పిండు: "మెలివడ్డ కాడ ఇంత ముక్క నల్లగయి చచ్చింది. కోసి తీసేసిన. ఈ కొస, ఆ కొస కలిపి కుట్టిన. ఇగ ఆ కుట్టు పట్టాలె."

"పట్టకపోతె సారూ?"

"పట్టకపోతె లోపల కారుతది. మళ్ల కడుపు తెరవాల్సొస్తది. పానం మీదికి గూడ రావచ్చు. ఒక వారం పది దినాలు నాకు గూడ భయమే ఉంటదమ్మా."

తనకు భయమని చెప్పే డాక్టరును నేను అప్పుడే మొదలు చూసిన. ధైర్యం చెప్పేటోళ్లు మస్తు మంది ఉంటరు. ఆయన నాతోని కలిసి భయపడ్డడు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ఆయన పేరు మీద దీపం కాడ దండం పెడుత.

మా అత్త గోడకు ఒరిగి కూసున్నది. "కుట్టంటె దారమే గద" అని గొణిగింది. "పేగు ఎప్పటికీ తడిగుంటది. తడి బట్టను కుడితె ఏం నిలుస్తది?"

మరునాడు సారు మంచం కాడికి వచ్చి, స్టూలు గుంజుకొని కూసున్నడు. మా ఆయన మేలుకొని ఉన్నడు, ముక్కుల గొట్టం తీసేసిండ్రు.

"నేను ఒక సంగతి చూస్తున్న" అన్నడు సారు. "పేగు కోసి కుట్టినోళ్లకు వెనుకట దినాలకు దినాలు ఏం పెట్టకపోయేది. పేగుకు రెస్టు గావాలె అనేది. ఇప్పుడు, జల్దిగనే కొంచెం కొంచెం పెడితె గాయం బాగ అతుకుతదని శాన మంది డాక్టర్లు అంటున్నరు. గాయం మానాలంటె కండ గావాలె. కండకు పప్పు, గుడ్డు గావాలె. మన దిక్కు పొలం పని చేసుకొని బతికేటోళ్లకు ఏది మంచిదో చూద్దమని రెండు తీర్ల చేస్తున్న. కొందరికి ఇయ్యాల్టి నుంచే మొదలు పెడుత, కొందరికి కొన్ని దినాలాగి. ఎవలు ఎటో నేను ఎంచ. చీటి తీసినట్టు వస్తది. ఇష్టం లేకపోతె లేదనుండ్రి, వైద్యం ఏం తక్కువ చెయ్య."

చీటి అన్న మాట నా మనసుకు పట్టింది. మా ఇంట్ల రెండు మనసులయితె దేవుని ముందట చీటీలేసి తీస్తం. చెలకల ఏం విత్తాలె, బిడ్డకు ఏ పేరు పెట్టాలె, అన్ని అట్లనే. తీసినంక ఇగ ఎవలం మాట్లాడం. ఈయన ఎంచనన్నడంటె దేవుడే ఎంచుతడని నాకు నేను చెప్పుకున్న. మా ఆయన నా దిక్కు చూసి, "సరే సారు" అన్నడు. చీటిల జల్ది తినేటోళ్ల దిక్కు పడ్డడు.

దేవుడు ఎంచినంక భయం పోవాలె గద? పోలే. నిన్న కుట్టిన పేగు మీదికి పప్పు! మొదలు చెంచ చెంచ నీళ్లు పోసిన. ఆయన మింగిన ప్రతి చెంచ ఎంబడి నా చూపు గొంతు నుంచి కడుపు దాక దిగేది. ఆడ కట్టు కట్టిన బట్ట మీద ఆగేది. తర్వాత పప్పు మీది తేట నీళ్లు పట్టుమన్నరు. గిన్నె పట్టుకుంటె నా చెయ్యి వణికి ఆయన మెడ మీద ఒలికింది.

మా అత్త గిన్నె గుంజుకున్నది. "వణికే చేతి తిండి వంటికి పట్టది పిల్లా. చిన్నప్పటి సంది జెరమొస్తె నా చేతులనే తిన్నడు. నేను పెడుత. నువ్వు బట్టలు పిండుకొని రాపో."

తిండి యాళ్లకు మంచం కాడ ఒక్కలే ఉండాలన్న నియమం ఉండె. నేను దేవుడు పంపిన సాయం అనుకొని పోయిన. అప్పటి సంది తిండి యాళ్లకు నేను గిన్నె తెచ్చియ్యాలె, బయటికి పోవాలె. తిరిగొచ్చేసరికి గిన్నె కడిగి బోర్లిచ్చి ఉండేది. మెత్తటి పప్పు బువ్వ అయిపోయేది, ఉడికిన గుడ్డు అయిపోయేది.

సారు రోజు అడిగేది, "ఏం తిన్నడు పెద్దమ్మా?"

"పప్పు బువ్వ తిన్నడు బిడ్డా. గుడ్డు తిన్నడు."

మా ఆయన పైకప్పు దిక్కు చూసుకుంట, "తిన్న సారు" అనేది.

"పెద్దమ్మ చేతుల ఏముందో" అని సిస్టరమ్మ నవ్వేది. "ఈ వార్డుల ఇంత మంచిగ తినేటోడు ఇంకొకడు లేడు."

మా అత్త మాత్రం నేను తెచ్చిన బువ్వ ముట్టకపోయేది. ఆకలి లేదనేది. కొడుకు మీది దిగులుతోని ఆమె ఎండిపోతుందని నేను దేవునికి ఆమె గురించి గూడ మొక్కిన.

ఒక మధ్యాహ్నం ఆయన వణుకుడు మొదలు పెట్టిండు. వంటి మీద చెయ్యి పెడితె కాలుతుంది. కట్టు చుట్టు కడుపు ఎర్రగయింది. సారు ఉరికొచ్చిండు. ఒత్తి చూసిండు, మా ఆయన మూలిగిండు. సారు మొఖం చిన్నగయింది. ఆ మొఖం చూసి నాకు అర్థమయింది, ఆయన చెప్పిన భయం ఇదే.

"పేగు కుట్టు ఇడిసిందేమో చూడాలె" అన్నడు. "స్కాను చేస్తం. ఇడిస్తె మళ్ల తెరుస్తం."

నేను మంచం కమ్మి పట్టుకున్న. సారు సిస్టరమ్మ దిక్కు తిరిగిండు. "జల్దిగ పెడుతున్న మిగతోళ్లకు నేను చెప్పేదాక ఆపుండ్రి. అందరికంటె బాగ తిన్నది ఈయననే. నేను పెట్టమన్న తిండితోనే గిట్లయిందో ఏమో."

పక్క మంచం కాడ ఒకామె తన పెనిమిటికి చెంచతోని పడుతుండె. సిస్టరమ్మ పోయి ఆ గిన్నె తీసుకోబోయింది. ఆయన ఇంక నోరు తెరిచే ఉన్నడు. మా అత్త అది చూసింది.

"ఆపకు బిడ్డా" అన్నది.

"ఏంది పెద్దమ్మా?"

"వాళ్ల తిండి ఆపకు. నా కొడుకు నీ పప్పు తినలే. ఒక్క ముద్ద తినలే. గుడ్డు గూడ తినలే. నేను పెట్టలే."

"మరి గిన్నెలయి?"

"నేను తిన్న. పారెయ్య చెయ్యి రాలే, బువ్వ గద. ఆనికి గంజిల ఉప్పేసి పోసిన. కోసిన కడుపు... చీము పడుతదని."

నేను మా ఆయన దిక్కు చూసిన. కండ్లు మూసుకొనే, "అవ్వ ఏడుస్తదని నేను గూడ చెప్పలే" అన్నడు.

సారు స్టూలు మీద కూలబడ్డడు. "మొదటి నుంచా?"

"మొదటి నుంచే."

"నా లెక్కల నీ కొడుకు అందరికంటె బాగ తిన్నోడు పెద్దమ్మా." కండ్లద్దాలు తీసి చొక్కకు తుడుసుకున్నడు. కొడుతడో, తిడుతడో అనుకున్న. "తిండి ఆపకుండ్రి" అని సిస్టరమ్మకు చెప్పి, తనకు తానే అనుకున్నట్టు, "ఇంక ఏ మంచం కాడ ఏ అవ్వ తింటుందో" అన్నడు. సిస్టరమ్మకు నవ్వొచ్చి, వెంటనే నోరు మూసుకున్నది.

మా ఆయనకు ఏదో మందు తాగిచ్చి స్కానుకు తీస్కపోయిండ్రు. తలుపు మూసుకున్నది. మేమిద్దరం బయట నేల మీద కూసున్నం. నా నోటి కొసకు ఒక మాట వచ్చింది, "నీ కొడుకును నువ్వే" అని. అది బయటికొస్తె ఇగ మళ్ల మా ఇద్దరి నడుమ ఏం మిగలదని తెలుసు. పండ్లు కరిసిపట్టి దేవుని పేరు తలుసుకున్న. పేరు మీద పేరు, ఊపిరి మీద ఊపిరి. నామం నడుమల్నే ఆ నల్లగయిన పేగు ముక్క కండ్ల ముందట పడుతుండె.

"తిట్టు పిల్లా" అన్నది మా అత్త.

"తిట్ట."

"తిడితె జర మంచిగుంటది. నువ్వు ఊకుంటె నాకు ఇంక భయమైతుంది."

"నాకు తిట్టేటంత సత్తువ లేదు అత్తమ్మా."

ఆమె చేతులు ఒళ్లె పెట్టుకొని చూసుకున్నది. "తింటె చీము పడుతదని నేను. తినకపోతె అతుకదని ఆ సారు. తినక ఆని పేగు ఎండి ఇడిసిందో ఏమో. నేను ఏం చేస్తును చెప్పు? మీ మామకు వడ్డించిన చెయ్యి ఇది."

ఆ చెయ్యి పట్టుకున్న. పొద్దటి పప్పు వాసన ఇంక పోలే దాని మీద.

తలుపు తెరుచుకున్నది. సారు వచ్చి కింద మా కాడ మోకాళ్ల మీద కూసున్నడు.

"పేగు కుట్టు మంచిగనే ఉన్నదమ్మా. కారుతలేదు. చీము పైననే ఉన్నది, చర్మం కింద. దాన్ని తీసేస్తం."

నేను ఆ నేల మీదనే నుదురు ఆనిచ్చిన. ఎవలకు మొక్కుతున్ననో నాకే తెల్వది, దేవునికా, ఆ దారానికా.

మంచం కాడనే బయటి కుట్లు కొన్ని ఇప్పిండు. చీము వచ్చింది. మా అత్త తొంగి చూసి, సిస్టరమ్మ పట్టిన గిన్నెను చూసి, తెల్లవోయింది.

"పప్పు పెట్టనే లే గద బిడ్డా! మరి ఇదెట్లొచ్చె?"

సారు చేస్తున్న పని ఆపలే. "పేగు చచ్చినప్పుడు లోపల మురికి ఉంటది. అది తాకింది. పప్పుది గాదు. నీది గాదు."

"మరి మా ఇంటాయన కాలు?"

ఆ కాలు ఏందో సారుకు తెల్వదు. నేను రెండు మాటల్ల చెప్పిన. ఆయన చేతులు ఆగినయి. "నేను చూడలే పెద్దమ్మా, ఎందుకు పోయిందో చెప్పలేను. పప్పుతోని మాత్రం పోలేదు."

మా అత్త గోడ దిక్కు తిరిగింది.

ఇప్పిన కాడ మళ్ల కుట్టలే సారు. "పైన మూస్తె లోపల మళ్ల నిండుతది. అడుగు నుంచి ఎర్ర కండ ఎక్కి రావాలె. రోజు కడిగి, తడి గుడ్డ పెట్టాలె. నువ్వు చూసి నేర్చుకో అమ్మా" అన్నడు. మా ఆయన లోపలిది నేను చూసిన. కట్టుకున్న మనిషిని ఎవలం అట్ల చూడం. కండ్లు మూసుకుందమనుకున్న. మూసుకుంటె రేపు ఇంటి కాడ ఎవలు కడుగుతరు? చూసిన.

ఆ పూట పప్పు బువ్వ వచ్చింది. సిస్టరమ్మ గూడ వచ్చి స్టూలు మీద కూసున్నది. "సారు పంపిండు. ఇగ నుంచి తినేదాక ఈడనే కూసుంట" అన్నది. నన్ను గూడ ఉండనిచ్చింది.

నేను చెయ్యి చాపిన. మా అత్త ముందే గిన్నె అందుకున్నది. "నువ్వు పెట్టకు. ఏమన్నయితె నా చేతుల మీదికెల్లే కావాలె. నువ్వు ఇంక శానొద్దులు బతకాలె."

ఇంటి కాడ మూత తీసేటప్పుడు ఆగినట్టే ఒక్క ఘడియ ఆగింది. ఈ సారి నేను ఆమె మొఖం చూసిన. ముద్ద కలిపి నోట్లె పెట్టింది. ఆయన నమిలిండు, నమిలిండు.

"ఉప్పు లేదే అవ్వా."

"మింగురా!"

మింగిండు. నేను, మా అత్త, సిస్టరమ్మ, ముగ్గురం ఆయన కడుపు దిక్కు చూసుకుంట కూసున్నం. ఏం కాలే. ఇంకొక ముద్ద పెట్టింది.

సిరోంచకు తిరిగొచ్చినంక ప్రతి పొద్దు దీపం పెట్టి, కాచిన ఉప్పు నీళ్లు చల్లార్చి, ఆ కట్టు ఇప్పేది. ఇప్పే ముందు, కింద ఏముంటదో అని, దీపం దిక్కు ఒకసారి చూసేది. కొన్ని దినాలకు అడుగున ఎర్రగ, తడిగ కొత్త కండ కనవడ్డది. అది మెల్లమెల్లగ ఎక్కుకుంట వచ్చింది. పెట్టే గుడ్డ చిన్నగయింది. ఒకనాటికి గుడ్డ పట్టేటంత సందు లేకపోయింది.

సారు అప్పుడప్పుడు ఫోను చేసేది. నాతోని రెండు మాటలు మాట్లాడి, "పెద్దమ్మకు ఇయ్యమ్మా" అనేది. మా అత్త ఫోను రెండు చేతుల పట్టుకొని గట్టిగ ఒర్లి చెప్పేది: "పొద్దుగాల రెండు ముద్దలు ఇడిసిండు సారూ. గుడ్డు సగం కుక్కకు ఏసిండు, దొంగ." మా ఆయన గోడ అవతలికెల్లి, "మా ఇంట్లనే పోలీసును పెట్టిండు సారు" అనేది.

సారు చూస్తున్న ఆ రెండు తీర్ల సంగతి ఎటు తేలిందో నాకు తెల్వది. మా ఆయనను లెక్కల ఉంచినవా, తీసేసినవా అని ఒకసారి అడిగిన. "ఉన్నది ఉన్నట్టే రాసినమ్మా. పెట్టుమన్నం, ఇంటోళ్లు పెట్టలేదు అని. మీ తర్వాత ప్రతి ఇంటోళ్లను ముందే అడుగుతున్న, పుండయితె మీరు ఏం తినరు అని. అందరు పప్పే అంటున్నరు" అన్నడు. ఆ మనిషి చల్లగుండాలె.

మొన్న కత్తిపీట మీద కూర కోస్తుంటె నా వేలు తెగింది, లోతుగనే. బట్ట చుట్టుకొని బువ్వకు కూసున్న. మా అత్త పప్పు గిన్నె మూత తీసింది. ఆగింది. గరిటె గాలిల ఉన్నది, ఆమె కండ్లు నా వేలు మీద ఉన్నయి. నేను పళ్లెం ముందటికి జరిపిన.

పప్పు నా పళ్లెంల పోసింది. తన పళ్లెంల గూడ పోసుకున్నది.

ఇద్దరం తిన్నం. నడుమ నడుమ ఆ వేలు దిక్కు చూసుకుంటనే తిన్నం.